రక్తం కుదుటపడింది.. మరి మెదడు?

మీ బంధువుల్లోనో, మీ వీధిలోనో చిన్నప్పుడు రక్తక్యాన్సర్ వచ్చి తగ్గిన పిల్లలు ఉంటే, ఆ తల్లిని ఒకసారి అడిగి చూడండి. నడుము దగ్గర వెన్నులోకి సూది దించి ఎక్కించిన పసుపు రంగు మందును ఆవిడ ఎన్నేళ్లయినా మర్చిపోదు. బిడ్డను ముడుచుకునేలా పడుకోబెట్టి, కదలకుండా పట్టుకుని కూర్చున్న చేతులు కదా అవి. ఆ మందు పేరు మెథోట్రెక్సేట్. పుట్టింది అమెరికాలోనే అయినా, దాన్ని తయారుచేసిన పరిశోధనశాలను నడిపించింది భీమవరంలో పుట్టిన మనవాడు, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన గురించి మీరు బడిలో చదివే ఉంటారు. నోబెల్ రావాల్సింది, రాలేదు అన్న మాట ఇళ్లలో ఇప్పటికీ వినపడుతూనే ఉంటుంది. ఆ చర్చ ఇక్కడ వద్దు. ఆయన జీవితాన్ని ఈసారి ఇంకో వైపు నుంచి చూద్దాం. ఆయన మందుతో బతికిన పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉన్నారు? ఆ సంగతి తెలుసుకునే అవకాశం ఆయనకు దక్కలేదు. మీకు తెలియాలి. ఎందుకంటే ఆ పిల్లల్లో కొందరు ఇప్పుడు మీ పిల్లల పక్క బెంచీలో కూర్చుని చదువుకుంటున్నారు.

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం అనారోగ్యంతో ముందుగానే ఉద్యోగం మానుకోవడంతో ఇల్లు గడవడం కష్టమైంది. పిల్లవాడికి చదువు మీద ధ్యాస తక్కువ. డబ్బు సంపాదిద్దామని కాశీకి పారిపోబోతే వెనక్కి తీసుకొచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్లో గట్టెక్కారు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ, ఆపైన మద్రాసు మెడికల్ కాలేజీ. గాంధీజీ పిలుపు విని ఆపరేషన్ గదిలోకి ఖద్దరు గౌనుతో వెళ్లడం సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు నచ్చలేదు. దాని ఫలితంగా ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్ అనే తక్కువ స్థాయి పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత అమెరికాలో ఆయన్ను చాలాకాలం వెంటాడింది ఆ పట్టానే.

చదువుకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు తోడబుట్టినవాళ్లు కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. ఇప్పటివాళ్లకు ఈ పేరు పెద్దగా తెలియదు. ఆగని విరేచనాలు, తిన్నది ఒంటికి పట్టకపోవడం, నాలుక పూసిపోవడం, రక్తం తగ్గిపోయి మనిషి పాలిపోవడం దాని లక్షణాలు. సుబ్బారావుకూ అదే జబ్బు సోకింది. అల్లోపతి చదివిన ఆ యువకుణ్ని కాపాడింది ఆయుర్వేద వైద్యుడు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్స. ఆ కృతజ్ఞతతో మద్రాసులో లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే కొంతకాలం పాఠాలు చెప్పారు. తన తోడబుట్టినవాళ్లను తినేసిన జబ్బు అసలేమిటన్న ప్రశ్న మాత్రం ఆయన్ను వదల్లేదు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సాయంతో, మామగారి అండతో 1922 అక్టోబరులో ఆయన బోస్టన్ చేరారు. భార్య శేషగిరికి కొన్నేళ్లలో తిరిగొస్తానని చెప్పి వెళ్లారు. తిరిగి రాలేదు. పుట్టిన కొడుకును చూడనేలేదు. ఆ బిడ్డ పసితనంలోనే పోయాడు. గొప్పవాళ్ల జీవితాలు రాసేటప్పుడు ఇలాంటివి ఒక్క వాక్యంలో దాటేస్తుంటాం. శేషగిరమ్మగారికి అది ఒక్క వాక్యం కాదు, జీవితమంతా.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో చేరారు. ఎల్‌ఎంఎస్ పట్టాతో డాక్టరుగా కొలువు దొరకదు. అందుకని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిళ్లు పోర్టరుగా చేరి, రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేశారు. పగలు చదువు. తర్వాత బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర పరిశోధన. రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే ఫిస్కే - సుబ్బారావు పద్ధతి 1925లో వచ్చింది. తర్వాత కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఆపైన 1929లో ఏటీపీ. మీరు ఈ పేజీ తిప్పడానికి మీ వేళ్లు ఖర్చుపెట్టే ఇంధనం ఏటీపీయే. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ల్యాబొరేటరీస్ అనే మందుల కంపెనీకి వెళ్లారు.

ఆకుకూరలోని విటమిన్

లెడర్లీలో ఆయన బృందం చేసిన పనుల్లో ఒకటి మీ ఇంటి గుమ్మం దాకా వచ్చింది. బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి పంచే డీఈసీ మాత్ర 1947లో అక్కడే రూపుదిద్దుకుంది. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఆయన నాయకత్వంలోనే వచ్చింది. కానీ మన కథకు ముఖ్యమైనది ఫోలిక్ యాసిడ్.

దీని మొదటి జాడ మన దేశంలోనే దొరికింది. బొంబాయిలో గర్భిణుల్లో వచ్చే ఒక రకం రక్తహీనతపై పనిచేస్తూ, ఈస్ట్ సారంతో అది తగ్గుతుందని లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ వైద్యురాలు 1930 ప్రాంతంలో కనిపెట్టారు. ఆ సారంలో ఉన్న పదార్థమేదో తెలియలేదు. 1941లో టెక్సాస్‌లో శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూరను వడగట్టి కాస్తంత విటమిన్ తీసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట నుంచి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరుపెట్టారు. టన్నుల కొద్దీ ఆకుకూర పిండి మందు అమ్మలేం కదా! 1945లో లెడర్లీ బృందం దాన్ని ప్రయోగశాలలోనే తయారుచేసింది. ఇప్పుడు గర్భిణులకు మొదటి నెలల్లోనే ఇచ్చే చిన్న మాత్ర అదే. కొద్దికాలానికే స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే రక్తం పట్టి, ఆకలి పుట్టి లేచి తిరిగారు. సుబ్బారావు తోడబుట్టినవాళ్లను పొట్టనపెట్టుకున్న జబ్బుకు విరుగుడు, పాతికేళ్లు ఆలస్యంగా, ఆయన చేతుల మీదుగానే వచ్చింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ రోజుల్లోనే డాక్టర్లకు ఒక వింత ఎదురైంది. పెర్నీషియస్ ఎనీమియా అనే ఇంకో రకం రక్తహీనతకూ ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. రక్తం చక్కగా పెరిగింది. కానీ కాళ్ల తిమ్మిర్లు, నడకలో తూలడం తగ్గలేదు సరికదా, కొందరిలో ఇంకా ముదిరాయి. ఆ జబ్బులో అసలు లోపం బీ12 విటమిన్‌ది. అది 1948లోగానీ విడిగా చేతికి రాలేదు. రక్త పరీక్ష బాగుంది కాబట్టి నరాలూ బాగున్నాయనుకోవడం ఎంత పొరపాటో అప్పుడే తెలిసింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్లీ మనకు అవసరమవుతుంది.

బోస్టన్‌లో పిల్లల ఆసుపత్రి పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లల మీద పనిచేస్తున్నారు. అప్పట్లో ఆ జబ్బు వచ్చిందంటే వారాలు, మహా అయితే కొన్ని నెలలు. రక్తాన్ని పెంచే విటమిన్ కదా అని ఫోలిక్ యాసిడ్‌కు దగ్గరి చుట్టాలైన పదార్థాలను లెడర్లీ నుంచి తెప్పించి ఇస్తే, జబ్బు తగ్గకపోగా మరింత ఎగదోసినట్టయింది. క్యాన్సర్ కణాలకూ అదే ఆహారమని ఫార్బర్‌కు అర్థమైంది. మరి ఆ ఆహారాన్ని అడ్డుకుంటే?

సుబ్బారావు బృందం అచ్చం ఫోలిక్ యాసిడ్‌లా కనిపించే, కానీ ఆ పని చేయని పదార్థాలు తయారుచేసింది. మారుతాళంచెవి లాంటివన్నమాట. తాళంలోకి దూరుతుంది, తిరగదు, అసలు తాళంచెవిని దూరనివ్వదు. అలాంటి వాటిలో అమినోప్టెరిన్‌ను ఫార్బర్ 1947 డిసెంబరులో పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టారు. 1948 జూన్‌లో ఫలితాలు అచ్చయ్యాయి. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. మంచాన ఉన్న పిల్లలు లేచి ఆడుకున్నారు. కొన్ని నెలలకు మళ్లీ తిరగబెట్టింది, నిజమే. అయినా ఒక మందుకు ల్యుకేమియా లొంగడం అంతకుముందు లేదు. ఆ వరసలోనే లెడర్లీలో తయారైన ఇంకో మందు, కాస్త భద్రంగా వాడుకోదగ్గది, మెథోట్రెక్సేట్.

ఆ వ్యాసం వచ్చిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53. భారత ప్రభుత్వం 1995లో ఆయన పేరిట తపాలా బిళ్ల విడుదల చేసింది.

మెదడులో దాక్కున్న జబ్బు

ఆయన పోయాక మందు ప్రయాణం ఆగలేదు. 1950ల్లో, 60ల్లో మందులు కలిపి ఇచ్చేకొద్దీ రక్తంలో జబ్బు కనపడకుండా పోయేది. ఇంటికి వెళ్లిన బిడ్డ కొన్నాళ్లకు తలనొప్పి, వాంతులతో తిరిగొచ్చేది. చూస్తే మెదడు పొరల్లో క్యాన్సర్ కణాలు. రక్తంలోని ప్రతిదాన్నీ మెదడు లోపలికి రానివ్వదు. మధ్యలో గట్టి అడ్డుగోడ ఉంటుంది. మందు ఆ గోడ దగ్గరే ఆగిపోతే, కణాలు గోడ అవతల దాక్కునేవి.

1962లో అమెరికాలోని మెంఫిస్‌లో మొదలైన సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డోనాల్డ్ పింకెల్ ఈ చిక్కు విప్పారు. తలకు రేడియేషన్, వెన్నులోకి నేరుగా మెథోట్రెక్సేట్. అంటే గోడను దాటించే బదులు దొడ్డిదారిన లోపలికి పంపడం. 1960ల చివరికి ఈ చికిత్స తీసుకున్న పిల్లల్లో దాదాపు సగం మంది పూర్తిగా కోలుకున్నారు. పదేళ్ల కిందట ఎవరూ నమ్మని మాట అది.

పిల్లలు బతికారు కాబట్టి, బడికి వెళ్లారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. తలకు ఎక్కువ రేడియేషన్ తీసుకున్న పిల్లల్లో, మరీ చిన్న వయసులో తీసుకున్నవాళ్లలో, తెలివితేటల పరీక్షల్లో మార్కులు ఏటికేడూ తోటివాళ్ల కంటే వెనకబడుతున్నాయి. అమ్మాయిల్లో ఈ ప్రభావం మరింతగా కనిపించింది. కొందరిలో ఎదుగుదల హార్మోన్ తగ్గి పొట్టిగా ఉండిపోయారు. కొందరికి పది, ఇరవై ఏళ్ల తర్వాత మెదడులో కొత్త గడ్డలు వచ్చాయి. రక్తం నయమైంది, నరాల లెక్క వేరేగా మిగిలింది. ఇందాకటి బీ12 కథ గుర్తొచ్చిందా?

వైద్యులు వెంటనే రేడియేషన్ మోతాదు తగ్గిస్తూ వచ్చారు. 24 గ్రేల నుంచి 18కి, ఆపైన 12కి. 2000లో సెయింట్ జూడ్‌లో మొదలైన చికిత్స పద్ధతిలో ముందుజాగ్రత్తగా ఇచ్చే రేడియేషన్‌ను పూర్తిగా తీసేసి, మందులనే పకడ్బందీగా వాడారు. అయిదేళ్ల తర్వాత 93 శాతానికి పైగా పిల్లలు బతికి ఉన్నారు. మన దేశంలోనూ 1980ల నుంచి చాలాకాలం వాడిన పద్ధతిలో తలకు రేడియేషన్ ఉండేది. ఆనాడు చికిత్స తీసుకున్నవాళ్లు ఇప్పుడు ముప్ఫైల్లో, నలభైల్లో ఉన్నారు. మీరే ఆ పాత రోగి కావచ్చు. తరచూ తలనొప్పి, కొత్తగా మూర్ఛ, చూపులో తేడా లాంటివి వస్తే చిన్ననాటి రేడియేషన్ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. అడగలేదు కదా అని ఊరుకోవద్దు.

రేడియేషన్ పోయింది. మెథోట్రెక్సేట్ మిగిలింది. అది మెదడును ఏమీ చేయదా? చేస్తుంది, కాకపోతే చాలావరకు తేలిగ్గా. నరాల కణాలకూ ఫోలిక్ యాసిడ్ కావాలి. దాన్ని అడ్డుకుంటే హోమోసిస్టీన్ అనే పదార్థం పేరుకుని కణాలను ఇబ్బంది పెడుతుంది. వెన్నులో మందు ఇచ్చాక రెండు వారాల్లోపు కొద్దిమంది పిల్లలకు ఫిట్స్, మాట తడబడటం, ఒక పక్క చెయ్యీ కాలూ చచ్చుబడటం వంటివి రావచ్చు. పక్షవాతమేమో అని గుండె జారిపోతుంది. ఎక్కువమంది కోలుకుంటారు, కానీ ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. కొందరి ఎంఆర్ఐలో మెదడు తెల్లపదార్థంలో మచ్చలు కనిపిస్తాయి, చాలామందిలో అవి కాలక్రమంలో తగ్గుతాయి. నరాల తీగలపై ఉండే కొవ్వు తొడుగును కట్టే కణాల పని మెథోట్రెక్సేట్ తర్వాత చాలాకాలం మందగిస్తుందని 2018లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఎలుకల్లో చూపించారు. తొడుగు సరిగా లేని తీగలో కబురు నెమ్మదిగా వెళుతుంది.

విన్‌క్రిస్టిన్ అనే ఇంకో మందు కాళ్లూ చేతుల నరాల మీద పడుతుంది. నడుస్తుంటే పాదం పైకి లేవక తట్టుకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, చేతిరాత చెదిరిపోవడం దానివల్లే. మందు ఆపాక చాలావరకు తగ్గుతుంది. కొందరిలో కొంత మిగులుతుంది. ఫిజియోథెరపీ ఆలస్యం చేయకండి.

ఇంట్లో మీకు కనిపించేది

ఎంఆర్ఐ కంటే ముందు మీకే తెలుస్తుంది. పిల్లాడికి ఎక్కాలు వచ్చు, కానీ లెక్క పూర్తయ్యేలోపు బెల్ మోగుతుంది. వంటింట్లోంచి మూడు పనులు చెబితే మొదటిదే గుర్తుంటుంది. బోర్డు మీద ఉన్నది రాసుకునేసరికి టీచర్ చెరిపేస్తుంది. మొత్తమ్మీద తెలివితేటలు మామూలుగానే ఉంటాయి. తగ్గేది ఆలోచించే వేగం, ఏకాగ్రత, విన్నదాన్ని కాసేపు మనసులో పట్టి ఉంచుకునే శక్తి. చికిత్స అయిన వెంటనే కాకుండా, పై తరగతులకు వెళ్లి చదువు బరువెక్కాక బయటపడటంతో ఎవరూ దీన్ని పాత జబ్బుతో ముడిపెట్టరు.

అప్పుడు ఇంట్లో మొదలయ్యే మాటలు మీకు తెలిసినవే. జబ్బు చేసిందని గారాబం చేశాం, బద్ధకం నేర్చాడు. ట్యూషన్ పెంచుదాం, ఫోన్ లాక్కుందాం. దయచేసి ముందు న్యూరోసైకాలజీ పరీక్షలు చేయించండి. చికిత్స ముగిశాక ఒకసారి, బడిలో పెద్ద మార్పు వచ్చినప్పుడల్లా మరోసారి చేయించడం మంచిది. ఏ మూల ఇబ్బంది ఉందో తెలిస్తే దానికి తగ్గ శిక్షణ ఇవ్వొచ్చు. ముందు బెంచీ, నోట్సు కాపీ, పరీక్షలో కాస్త అదనపు సమయం, ఒక్కోసారి ఒక్కో పనే చెప్పడం, సరైన నిద్ర, రోజూ ఆట. ఇంత చిన్న మార్పులతోనే తేడా కనిపిస్తుంది. ఇబ్బంది ఎక్కువగా ఉంటే 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో అభ్యసన లోపాలు, దీర్ఘకాలిక నాడీ సమస్యలు కూడా ఉన్నాయి. ధ్రువపత్రానికి అర్హత ఉందేమో డాక్టరును అడగండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇది చదివి భయపడి, చికిత్సలో ఉన్న బిడ్డకు వెన్నులో మందు వద్దనే తల్లిదండ్రులు ఉంటారని నా భయం. ఆ పని మాత్రం చేయకండి. ఆ మందు లేకపోతే మెదడులో జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు ఇవ్వాల్సి వచ్చే చికిత్స ఇంతకంటే కఠినం. అలాగే ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకుంటుందట కదా అని సొంతంగా ఆ మాత్రలు వేయడం ఇంకా ప్రమాదం. ఫార్బర్ చూసింది గుర్తుంది కదా, క్యాన్సర్‌కూ అదే మేత. అవసరమైనచోట, సరైన గంటకు, ల్యూకోవోరిన్ అనే విరుగుడు రూపాన్ని డాక్టర్లే ఇస్తారు.

మీరు చేయాల్సిన పని ఒకటుంది. చికిత్స ముగిసిన రోజు ఆసుపత్రి నుంచి ఒక సారాంశం రాయించుకోండి. ఏయే మందులు, మెథోట్రెక్సేట్ మొత్తం ఎంత, వెన్నులో ఎన్నిసార్లు ఇచ్చారు, తలకు రేడియేషన్ ఇచ్చి ఉంటే ఎన్ని గ్రేలు, ఏ వయసులో. రెండు జిరాక్సులు తీసి, ఫోన్‌లో ఫొటో కూడా పెట్టుకోండి. పదిహేనేళ్ల తర్వాత ఆ అబ్బాయో అమ్మాయో ఉద్యోగానికి ఇంకో ఊరు వెళ్లి, తలనొప్పితో ముక్కూమొహం తెలియని డాక్టరు ముందు కూర్చున్నప్పుడు బల్ల మీద ఉండాల్సిన కాగితం అదే.